ముందు తేల్చండి, తర్వాత చూపండి

వెబ్‌సైట్లు చేసే చిన్న కంపెనీలో కొత్తగా చేరినవాళ్ళకు మొదటి వారంలో కొత్త సైటు కట్టమని ఎవరూ చెప్పరు. ఏదో పాత సైటు చూపించి, "సరుకు లేనప్పుడు ధర కనిపించకూడదు, అయిపోయింది అని రావాలి. సాయంత్రంలోపు చేసెయ్" అంటారు. వినడానికి పది నిమిషాల పనే. ఫైలు తెరిస్తే కథ వేరు. హెచ్‌టీఎంఎల్ నడుమ పీహెచ్‌పీ, పీహెచ్‌పీ నడుమ మళ్ళీ హెచ్‌టీఎంఎల్, ఎక్కడ మొదలైందో తెలియని ఇఫ్‌కి ఎక్కడో కింద ముగింపు బ్రాకెట్. అమీర్‌పేట కోచింగ్ సెంటర్‌లో మూడు నెలలు నేర్చుకున్న సిలబస్‌లో ఇలాంటి ఫైలు ఒక్కటి కూడా చూపించి ఉండరు.

ఆ ఫైలు అలా ఉండటానికి ఒక కారణం పీహెచ్‌పీ భాష పుట్టుకలోనే ఉంది. గ్రీన్‌లాండ్‌లో పుట్టిన ప్రోగ్రామర్ రాస్మస్ లెర్‌డార్ఫ్ 1994లో తన రెజ్యూమేని వెబ్‌లో పెట్టుకుని, దాన్ని ఎంతమంది చూస్తున్నారో తెలుసుకోవడానికి కొన్ని చిన్న ప్రోగ్రాములు రాసుకున్నాడు. 1995 జూన్‌లో వాటిని పర్సనల్ హోమ్ పేజ్ టూల్స్ పేరుతో అందరికీ ఇచ్చేశాడు. అంటే తొలినాళ్ళ నుంచీ ఇది పేజీ మధ్యలో దూర్చి వాడుకునే సరంజామానే. తర్వాత ఆండీ గట్‌మన్స్, జీవ్ సురాస్కీ దాన్ని తిరగరాసి 1998లో వెర్షన్ 3గా తెచ్చాక పెద్ద భాష అయింది కానీ, పేజీ మధ్యలో దూరే అలవాటు మాత్రం పోలేదు. రెజ్యూమే కోసం పుట్టిన ఈ భాష ఇప్పటికీ చాలామందికి మొదటి ఉద్యోగం ఇస్తోంది. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా నడిపే వర్డ్‌ప్రెస్ రాసింది ఇందులోనే. వికీపీడియా వెనకున్న మీడియావికీ, కాలేజీల్లో కనిపించే మూడుల్ కూడా అంతే. "పీహెచ్‌పీ పని అయిపోయింది" అని పదిహేనేళ్ళుగా చెబుతున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మాట నమ్మి మానుకోకండి.

ఇక పనిలోకి వద్దాం. పచ్చళ్ళు అమ్మే దుకాణానికి ఒక సైటు ఉందనుకోండి. ఆవకాయ, గోంగూర, కాకరకాయ కారం. పావు కిలో, అర కిలో, కిలో ప్యాకెట్లు. ఈ ఒక్క దుకాణంతోనే వేరియబుల్స్, షరతులు, ఫంక్షన్లు అన్నీ చెప్పుకోవచ్చు.

అన్నిటికంటే ముందు పీహెచ్‌పీ ఎక్కడ నడుస్తుందో మనసులో నాటుకోవాలి. అది సర్వర్‌లో నడుస్తుంది, నడిచి ముగిసిపోతుంది, మిగిలిన హెచ్‌టీఎంఎల్ మాత్రమే చూసేవాళ్ళ ఫోనుకి చేరుతుంది. వంటింట్లో ఏం జరిగిందో విస్తరి ముందు కూర్చున్నవాళ్ళకు తెలియనట్టే, మీరు రాసిన ఇఫ్‌ల సంగతి బ్రౌజర్‌కి తెలియదు. కంట్రోల్ నొక్కి యు కొడితే పేజీ సోర్స్ కనిపిస్తుంది కదా, అందులో డాలర్ గుర్తుతో మీరు రాసిన పీహెచ్‌పీ వేరియబుల్ ఒక్కటి కూడా ఉండదు. ఒకవేళ మీ కోడ్ అక్కడ యథాతథంగా కనిపిస్తే ఫైలు సర్వర్ గుండా రాలేదన్నమాట. డెస్క్‌టాప్ మీద డబుల్ క్లిక్ చేసి తెరిచినవాళ్ళందరికీ ఇదే ఎదురవుతుంది. గ్జాంప్ అనే సర్వర్ ప్యాకేజీ వేసుకుని ఫైలుని హెచ్‌టీడాక్స్ ఫోల్డర్‌లో పెట్టుకోవాలి. లేదా పీహెచ్‌పీలోనే 5.4 వెర్షన్ నుంచి ఉన్న చిన్న సర్వర్‌ని టెర్మినల్‌లో మొదలుపెట్టుకోవాలి. నేర్చుకోవడానికి రెండోదే తేలిక.

దీనివల్ల ఒక పెద్ద లాభం ఉంది. దుకాణదారులకు మాత్రమే చూపించే హోల్‌సేల్ ధర ఒకటి పేజీలో ఉందనుకోండి. దాన్ని సీఎస్ఎస్‌తో దాచిపెడితే కంటికి కనిపించదు గానీ సోర్స్‌లో ఉంటుంది, ఎవరైనా చదువుకోవచ్చు. పీహెచ్‌పీలో ఇఫ్ పెట్టి ఆపితే అది సర్వర్ దాటి బయటికే రాదు. దాచడం వేరు, పంపకపోవడం వేరు. ఇంటర్వ్యూలో ఈ తేడా అడిగితే తడుముకోకుండా చెప్పగలగాలి.

ఉదాహరణలకు వెళ్ళేముందు ఒక మాట. కింద వేరియబుల్ పేర్లు, ఫంక్షన్ పేర్లు తెలుగులో రాశాను. ఇది వ్యాసం కోసం చేసిన కల్పన కాదు. పీహెచ్‌పీ తెలుగు అక్షరాలున్న పేర్లను నిజంగానే ఒప్పుకుంటుంది, ఫైలుని యూటీఎఫ్-8లో సేవ్ చేస్తే చాలు. ఇఫ్, ఫంక్షన్, రిటర్న్, ఎకో లాంటి కీవర్డులు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. ఇక్కడ పలికే తీరున పెట్టాను. ఇంట్లో సాధనకు తెలుగు పేర్లు హాయిగా వాడుకోండి, లాజిక్ తొందరగా బుర్రకెక్కుతుంది. ఆఫీసులో వద్దు. మీ తర్వాత ఆ ఫైలు తెరిచేది పుణేలోనో కొచ్చిలోనో కూర్చున్నవాళ్ళు కావచ్చు.

మూడు వరసలు చూడండి:

$ధర = 450;
$నిల్వ = 12;
$కొనొచ్చా = $నిల్వ > 0;

మొదటి రెండిటిలో అంకెలున్నాయి. మూడోదానిలో ఉన్నది ప్రశ్నకు జవాబు: అవును లేదా కాదు. కొత్తవాళ్ళు మొదటి రెండిటి లాంటివే వేరియబుల్స్ అనుకుంటారు. జవాబుని కూడా ఒక వేరియబుల్‌లో పెట్టుకోవచ్చని వాళ్ళకు తట్టదు. నా దృష్టిలో షరతులతో పేజీ చూపించే పని మొత్తం ఈ మూడో వరస మీదే నిలబడుతుంది. కింద హెచ్‌టీఎంఎల్‌లోకి వచ్చాక ఇంతే రాస్తాం:

<?= $కొనొచ్చా ? 'అందుబాటులో ఉంది' : 'అయిపోయింది' ?>

ప్రశ్న గుర్తుకి ముందు ఉన్నది నిజమైతే మొదటి మాట వస్తుంది, కాకపోతే కోలన్ తర్వాతది. కోణపు బ్రాకెట్, ప్రశ్న గుర్తు, ఈక్వల్ టు కలిసిన ఆ ప్రారంభం "దీన్ని ఇక్కడ ముద్రించు" అనడానికి పొట్టి రూపం. ఇలాంటి చిన్న ఎంపికకు ఇది చాలు. ఒకదానిలో ఇంకొకటి దూర్చి మూడు ప్రశ్న గుర్తులు పెట్టారంటే రేపు మీకే అర్థం కాదు. పైగా పీహెచ్‌పీ 8 నుంచి బ్రాకెట్లు లేకుండా అలా పేర్చితే ఒప్పుకోదు కూడా.

ఆ జవాబుని పైనే ఎందుకు తేల్చుకోవాలంటే, పాత ఫైళ్ళలో జరిగేది చూడండి. నిల్వ ఉందో లేదో మూడు చోట్ల చూస్తుంటారు. ధర దగ్గర ఒకరు "సున్నా కంటే ఎక్కువా" అని రాశారు. బొమ్మ మీది పట్టీ దగ్గర ఇంకొకరు "సున్నా కాకపోతే" అన్నారు. బటన్ దగ్గర మూడోవారు ఉత్తి $నిల్వ పెట్టి వదిలేశారు. నిల్వ 12 ఉన్నా, సున్నా అయినా మూడూ ఒకే మాట మీద ఉంటాయి. ఒక రాత్రి చివరి కిలో ప్యాకెట్‌కి ఇద్దరు ఒకేసారి ఆర్డర్ పెట్టారు, నిల్వ -1 అయింది. ఇప్పుడు ధర దగ్గర "అయిపోయింది" అని వస్తుంది. బటన్ మాత్రం "కార్ట్‌లో వేయండి" అని పిలుస్తూనే ఉంటుంది. ఎందుకంటే -1 సున్నా కంటే ఎక్కువ కాదు, కానీ సున్నా కూడా కాదు. పీహెచ్‌పీ లెక్కలో సున్నా కాని ప్రతి అంకె నిజమే. ఈ పొరపాటుకి మూడు చోట్లా విడివిడిగా షరతు దిద్దక్కర్లేదు. పైన ఒక్క చోట తేల్చి, కింద మూడు చోట్లా $కొనొచ్చా అనే అడగండి. రేపు యజమాని వచ్చి "రెండు ప్యాకెట్లు ఎప్పుడూ చేతిలో ఉంచుకుంటాం, వాటిని అమ్మొద్దు" అంటే పైన సున్నా తీసి 2 పెడితే పని అయిపోతుంది.

ఇఫ్‌లో ఒక ఈక్వల్ టు, రెండు, మూడు, ఈ తేడా గురించి ప్రతి పుస్తకంలో ఉంటుంది కాబట్టి త్వరగా చెప్పేస్తాను. ఒకటి పెడితే విలువ వేసినట్టు, అడిగినట్టు కాదు. నిల్వ సున్నానా అని అడగబోయి ఒక్క ఈక్వల్ టు పెడితే నిల్వ నిజంగానే సున్నా అయిపోతుంది, పైగా ఆ షరతు ఎప్పటికీ నిజం కాదు. రెండు పెడితే రకం వేరైనా పీహెచ్‌పీ తానే సర్దుకుని పోలుస్తుంది. మూడు పెడితే విలువా రకమూ రెండూ కలవాలి. మూడే అలవాటు చేసుకోండి. కారణం చివర్లో వెర్షన్ల దగ్గర వస్తుంది.

అసలు కష్టం సున్నాకీ ఖాళీకీ మధ్య ఉంది. ఇక్కడ కాస్త ఆగుదాం.

డెలివరీ ఛార్జీ అనే గడి ఒకటుంది. అందులో 80 ఉంటే ఎనభై రూపాయలు. సున్నా ఉంటే ఉచితం. ఏమీ నింపకపోతే ఇంకా నిర్ణయించలేదని. మూడూ మూడు వేరు విషయాలు. కానీ చాలామంది రాసేది ఇఫ్ బ్రాకెట్లో ఉత్తి $డెలివరీ, లేకపోతే ఎంప్టీ అనే ఫంక్షన్. ఆ రెండిటికీ సున్నా కూడా ఖాళీయే. కొటేషన్లలో ఉన్న '0' కూడా ఖాళీయే. ఫలితంగా యజమాని ఉచిత డెలివరీ పెట్టి సంబరపడుతుంటాడు, పేజీలో ఆ మాటే రాదు. మార్కుల సైట్లలో సున్నా వచ్చిన పిల్లవాడికి "మార్కులు నమోదు కాలేదు" అని కనిపించేదీ ఇందువల్లే. సరిగ్గా రాస్తే ఇలా ఉంటుంది:

ఇఫ్ ($డెలివరీ === నల్ || $డెలివరీ === '') {
    $డెలివరీ_మాట = 'చిరునామా ఇచ్చాక ఛార్జీ చెబుతాం';
} ఎల్స్ఇఫ్ ((ఇంట్) $డెలివరీ === 0) {
    $డెలివరీ_మాట = 'డెలివరీ ఉచితం';
} ఎల్స్ {
    $డెలివరీ_మాట = 'డెలివరీ ₹' . $డెలివరీ;
}

ఇక్కడ వరస ముఖ్యం. ఫారం నుంచి వచ్చేవి అంకెల్లా కనిపించినా అక్షరాల రూపంలోనే వస్తాయి, డేటాబేసు నుంచి వచ్చేవీ చాలాసార్లు అంతే. కాబట్టి ఇంట్‌గా మార్చుకుని పోల్చాలి. కానీ ఖాళీని ముందు పక్కకు తీయకుండా మార్చారంటే నల్ కూడా సున్నా అయిపోతుంది, నిర్ణయించని డెలివరీ ఉచితమైపోతుంది. ఇలా మార్చడంలో ఇంకో చమత్కారం ఉంది. ధర గడిలో ఎవరైనా 1,200 అని కామాతో కొడితే, ఇంట్‌గా మార్చినప్పుడు కామా దగ్గర ఆగిపోయి 1 మిగులుతుంది. పన్నెండు వందల పచ్చడి రూపాయికి! కామాలు తీసేసి మార్చాలి. తిరిగి చూపించేటప్పుడు నంబర్_ఫార్మాట్ వాడితే లక్షకు 100,000 అని వస్తుంది. మన పద్ధతిలో 1,00,000 కావాలంటే ఇంటల్ ఎక్స్‌టెన్షన్‌లోని నంబర్‌ఫార్మాటర్‌కి భారతీయ లొకేల్ ఇవ్వాలి.

ఇప్పుడు ఫంక్షన్లు. కొత్తవాళ్ళ దగ్గర ఎక్కువగా వినే ఫిర్యాదు: "ఫంక్షన్ బాగానే పనిచేస్తోంది సార్, కానీ ధర రావాల్సిన చోట రావట్లేదు, దానికి ముందే వచ్చేస్తోంది." విన్న వెంటనే చెప్పొచ్చు, ఆ ఫంక్షన్ లోపల ఎకో ఉంది. ఫంక్షన్‌కి బయటికి మాట చేరవేసే దారులు రెండు. ఎకో అంటే అక్కడికక్కడే పేజీలోకి ముద్రించేయడం. రిటర్న్ అంటే పిలిచినవాళ్ళ చేతికి ఇవ్వడం. 'ధర: ' అనే మాటకు చుక్కతో ఫంక్షన్‌ని కలిపి ఎకో చేశారనుకోండి. రెండూ కలపాలంటే ముందు ఫంక్షన్ నడవాలి. నడిచింది, లోపలున్న ఎకో 450 అని ముద్రించేసింది. ఆ తర్వాత తీరిగ్గా 'ధర: ' వచ్చింది, దాని పక్కన ఏమీ లేదు, ఎందుకంటే ఫంక్షన్ ఏమీ తిరిగి ఇవ్వలేదు.

వర్డ్‌ప్రెస్‌లో ఈ తేడా పేర్లలోనే ఉంటుంది. ద_టైటిల్ అంటే శీర్షికను ముద్రించేస్తుంది. గెట్_ద_టైటిల్ అంటే మీ చేతికిస్తుంది. "ద" అని మొదలయ్యేవి చాలావరకు ముద్రించేవి, "గెట్" అని మొదలయ్యేవి ఇచ్చేవి. షరతు పెట్టి చూపాలనుకున్నప్పుడు మీకు కావాల్సింది ఎప్పుడూ రెండో రకమే. ముద్రించేసిన తర్వాత దాన్ని పరీక్షించి లాభం ఏముంది? మీ సొంత ఫంక్షన్లలో కూడా ఎకో పెట్టకండి. లోపల లెక్క, బయట ముద్రణ.

రెండో ఫిర్యాదు ఇంతకంటే మొండిది. ఫైలు పైన $తగ్గింపు = 10; అని ఉంటుంది. కింద ఫంక్షన్‌లో ధరలోంచి తగ్గింపు తీసేస్తుంటారు. పేజీలో మాత్రం పూర్తి ధరే. పీహెచ్‌పీ ఫంక్షన్‌కి బయటి వేరియబుల్స్ కనిపించవు. జావాస్క్రిప్ట్ ముందు నేర్చుకున్నవాళ్ళు ఇక్కడ తప్పకుండా బోల్తా పడతారు, ఎందుకంటే అక్కడ కనిపిస్తాయి. ఫంక్షన్ లోపల $తగ్గింపు అంటే కొత్తది, ఖాళీది. లెక్కలో సున్నాగా కూర్చుంటుంది. హెచ్చరిక వస్తుంది నిజమే, కానీ సైటులో హెచ్చరికలు కనిపించకుండా ఆపి ఉంటే ఆ సంగతి కూడా తెలియదు. గ్లోబల్ అనే కీవర్డు పెడితే బయటిది లోపల దొరుకుతుంది. వర్డ్‌ప్రెస్ పాత కోడ్‌లో అది అడుగడుగునా కనిపిస్తుంది కూడా. చదివి అర్థం చేసుకోండి గానీ మీరు రాయకండి. కావాల్సినవన్నీ బ్రాకెట్లో అందించండి: తుది_ధర($ధర, $తగ్గింపు). ఆ ఒక్క వరస చదివితేనే తుది ధర దేని మీద ఆధారపడుతుందో తెలిసిపోతుంది.

ఇప్పుడు షరతూ ఫంక్షనూ కలిసే చోటు. పచ్చడి వివరాల్లో బరువు, నిల్వ ఉండే కాలం, కారం మోతాదు లాంటి గడులుంటాయి. కొన్నిటికి కొన్ని నింపరు. అప్పుడు పేజీలో "బరువు:" అని రాసి పక్కన ఏమీ లేకుండా దిక్కుమాలినట్టు కనిపిస్తుంది. విలువ లేకపోతే శీర్షిక కూడా రాకూడదు. ప్రతి గడికీ ఒక ఇఫ్ రాస్తే పది గడులకు పది ఇఫ్‌లు. దానికి బదులు:

ఫంక్షన్ వరుస($శీర్షిక, $విలువ)
{
    ఇఫ్ ($విలువ === నల్ || $విలువ === '') {
        రిటర్న్ '';
    }
    రిటర్న్ భద్రం($శీర్షిక . ': ' . $విలువ);
}

హెచ్‌టీఎంఎల్‌లో ఇంతే:

<?= వరుస('బరువు', $బరువు) ?>
<?= వరుస('కారం', $కారం ?? '') ?>

విలువ లేనప్పుడు ఖాళీ మాట తిరిగి వస్తుంది, ఖాళీ మాటని ముద్రిస్తే ఏమీ కనిపించదు. ముందే తిరిగి వెళ్ళిపోయే ఈ పద్ధతి వల్ల ఎల్స్ అవసరం పడలేదని గమనించండి. రెండో వరసలో ఉన్న జంట ప్రశ్న గుర్తులు పీహెచ్‌పీ 7 నుంచి వచ్చాయి. ఆ వేరియబుల్ లేకపోయినా, నల్ అయినా కుడివైపుది తీసుకోమని అర్థం. సున్నాని మాత్రం ముట్టుకోదు, సున్నాని సున్నాగానే ఉంచుతుంది. అందుకే ఎంప్టీ కంటే ఇది నమ్మదగ్గది.

ఆ భద్రం అనేది మనం పెట్టుకున్న పేరు. దాని లోపల ఉండాల్సింది హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ అనే అసలు ఫంక్షన్. మనుషులు టైపు చేసిన ఏ మాటా దాని గుండా వెళ్ళకుండా పేజీలోకి రాకూడదు. అభిప్రాయం రాసే పెట్టెలో ఎవరైనా పచ్చడి రుచి గురించి కాకుండా ఒక స్క్రిప్టు ట్యాగు రాసి పంపితే, ఈ వడపోత లేని పేజీ దాన్ని చూసే ప్రతి ఒక్కరి బ్రౌజర్‌లో నడిపేస్తుంది. ఉద్యోగంలో ఇది విడిచిపెట్టదగ్గ విషయం కాదు. కోడ్ ఎంత చక్కగా ఉన్నా ఇది లేకపోతే రివ్యూ చేసేవాళ్ళు తిప్పి పంపుతారు, పంపాలి కూడా.

తెలుగు మాటలతో పనిచేసేవాళ్ళకు ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఇంగ్లిష్ పాఠాల్లో దాని ఊసు అంతగా రాదు. "వివరణ పొడుగ్గా ఉంటే మొదటి కొంత చూపించి మూడు చుక్కలు పెట్టు" అనే షరతు ఇస్తారు. ఎస్‌టీఆర్‌లెన్ అనే ఫంక్షన్‌తో పొడవు కొలిచి, సబ్‌ఎస్‌టీఆర్‌తో కోస్తారు. ఎస్‌టీఆర్‌లెన్ కొలిచేది అక్షరాలు కాదు, బైట్లు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు. 'ఆవకాయ' అనే నాలుగక్షరాల మాటకు ఎస్‌టీఆర్‌లెన్ 15 అని చెబుతుంది. దాన్ని పది దగ్గర కోస్తే మూడు అక్షరాలు పోను దీర్ఘపు గుర్తులో మూడో వంతు మిగులుతుంది, తెర మీద నల్లటి వజ్రంలో ప్రశ్న గుర్తు కనిపిస్తుంది. అంతటితో ఆగదు. అలా తెగిన మాటని హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్‌కి ఇస్తే, 8.1 కంటే పాత వెర్షన్లలో మామూలుగా అది మొత్తం వివరణనే ఖాళీ చేసి ఇస్తుంది. పొడుగు వివరణలున్న పచ్చళ్ళకే వివరణ మాయమవుతోందని తల పట్టుకున్నారంటే అసలు దోషి కత్తెర అన్నమాట. ఎంబీ_ఎస్‌టీఆర్‌లెన్ వాడితే 5 వస్తుంది, ఎంబీ_సబ్‌ఎస్‌టీఆర్‌తో కోస్తే గుర్తు మధ్యలో తెగడం ఉండదు. అయినా 'పచ్చడి'ని మూడు దగ్గర కోస్తే 'పచ్' మిగులుతుంది. తెలుగులో నా సలహా: అక్షరాల లెక్కన కోయకండి, చివరి ఖాళీ దాకా వెనక్కి వెళ్ళి మాట ముగిసిన చోట కోయండి.

సమయం మీద పెట్టే షరతుల్లో ఇంకో గొయ్యి ఉంది. "సాయంత్రం 6 లోపు ఆర్డర్ చేస్తే ఈ రోజే పంపుతాం" అనే పట్టీ ఆరింటికి మాయం కావాలి. గంట 18 కంటే తక్కువైతే చూపించమని రాశారు. టైమ్‌జోన్ ఏమీ చెప్పకపోతే పీహెచ్‌పీ యూటీసీ తీసుకుంటుంది, అది మనకంటే ఐదున్నర గంటలు వెనక. దానికి 18 గంటలయ్యేసరికి మనకు రాత్రి పదకొండున్నర. అంతదాకా దుకాణం ఈ రోజే పంపుతామని మాట ఇస్తూనే ఉంటుంది. ఫైలు మొదట్లో టైమ్‌జోన్‌ని ఆసియా/కోల్‌కతాగా పెట్టాలి. వర్డ్‌ప్రెస్ మాత్రం కావాలనే యూటీసీలో నడుస్తుంది, దాన్ని కదపకుండా డబ్ల్యుపీ_డేట్ వాడాలి. ఇంత చేసినా పట్టీ కదలకపోతే సైటులో కాష్ ప్లగిన్ ఉందేమో చూడండి. ఒకసారి తయారైన పేజీని అది దాచి అందరికీ అదే ఇస్తుంటుంది, మీ ఇఫ్ మళ్ళీ నడవనే నడవదు. డాలస్‌లో ఉన్న కొనుగోలుదారుకి "ఈ రోజు" అంటే ఏ రోజో అనేది మరో తలనొప్పి. దాన్ని కోడ్‌తో కాకుండా "భారత కాలమానం" అని పట్టీలో రాసి తీర్చేయండి.

తెల్ల తెర వచ్చిందంటే భయపడక్కర్లేదు. తప్పు జరిగింది, చెప్పొద్దని సర్వర్‌కి చెప్పి ఉంచారు, అంతే. మీ కంప్యూటర్‌లో డిస్‌ప్లే_ఎర్రర్స్ ఆన్ చేసుకోండి, జనం చూసే సైటులో ఆఫ్ చేసి లాగ్ ఫైలు చదవండి. లోపలి దారులు, ఫైలు పేర్లు ఊరందరికీ చూపించడం మంచిది కాదు. షరతు ఎందుకు నిజం కావట్లేదో తెలియనప్పుడు ఊహించుకుంటూ కూర్చోకుండా ఆ ఇఫ్‌కి ఒక్క వరస పైన వార్_డంప్ పెట్టి వేరియబుల్‌లో ఏముందో చూడండి. విలువతో పాటు రకం కూడా చెబుతుంది: అంకె సున్నానా, కొటేషన్లలో సున్నానా, నల్లా. అది చూడగానే సగం చిక్కులు విడిపోతాయి. కోడ్ రాసిచ్చే చాట్‌బాట్‌ని అడిగేవాళ్ళు కూడా ముందు ఇది చూసి, వచ్చిన జవాబుని ప్రశ్నలో కలిపి అడిగితే పనికొచ్చే సమాధానం వస్తుంది.

చివరిగా వెర్షన్లు. పీహెచ్‌పీ 8.0 వచ్చింది 2020 నవంబరులో. 7.4కి భద్రతా సవరణలు 2022 నవంబరుతో ఆగిపోయాయి. అయినా దాని మీదే నడిచే సైట్లు ఇంకా ఉన్నాయి, వాటిని 8కి మార్చే పని కొత్తవాళ్ళకే అప్పగిస్తారు. అప్పుడు జంట ఈక్వల్ టు కొంప ముంచుతుంది. అంకె సున్నాని 'అయిపోయింది' అనే మాటతో జంట ఈక్వల్ టు పెట్టి పోలిస్తే 7లో నిజం, 8లో అబద్ధం. ఇన్నేళ్ళూ ఆ పొరపాటు మీదే ఆధారపడి సరిగ్గా నడిచిన పేజీలు ఒక్కసారిగా తలకిందులవుతాయి. మొదటి నుంచీ మూడు ఈక్వల్ టులు రాసినవాళ్ళకు ఈ బెడద లేదు.

కాబట్టి ఇంటర్వ్యూలో "మీరేమైనా అడగాలా" అన్నప్పుడు జీతం, సెలవుల కంటే ముందు ఈ రెండూ అడగండి: మీ సైట్లు ఏ పీహెచ్‌పీ వెర్షన్ మీద ఉన్నాయి, మార్పులు నేరుగా నడిచే సైటు మీదే చేస్తారా, వేరే టెస్ట్ సర్వర్ ఉందా? రెండోదానికి "నేరుగానే" అని జవాబు వస్తే ఉద్యోగం తీసుకోండి, తప్పులేదు. కానీ మొదటి రోజే ఆ సైటు నకలు ఒకటి మీ కంప్యూటర్‌లో పెట్టించుకోండి, అది లేకుండా ఏ ఫైలూ ముట్టుకోకండి.